బావమరిది కాలు

ఆ సెలూన్‌లో కుర్చీలు రెండే. వీధి కిటికీ పక్కన ఒకటి, లోపల గోడ పక్కన ఒకటి. కిటికీ పక్క కుర్చీ వెనక నిలబడేవాణ్ణి అందరూ చిన్నాయన అనేవాళ్ళు, గోడ పక్క కుర్చీ వెనక నిలబడేవాణ్ణి పెద్దాయన అనేవాళ్ళు. చిన్నాయన పెద్దాయన భార్యకు స్వయానా తమ్ముడు. పదహారేళ్ళప్పుడు అక్క ఇంటికి వచ్చి, బావ దగ్గరే దువ్వెన పట్టడం, కత్తెర ఆడించడం నేర్చుకున్నాడు. ఇప్పుడతనికి నలభై ఏడు, పెద్దాయనకు యాభై నాలుగు. ఎవరు నేర్పారో, ఎవరు నేర్చుకున్నారో ఈ ముప్పై ఏళ్ళలో జనం మరిచిపోయారు. పెద్దాయన మాత్రం మరిచిపోలేదు.

ఎలా మరిచిపోతాడు? పొద్దున షాపు తెరిచేసరికి బెంచీ మీద అయిదుగురు ఉంటే, అందులో నలుగురు కిటికీ పక్క కుర్చీ కోసం వచ్చినవాళ్ళే. "రండి, కూర్చోండి" అని పెద్దాయన గుడ్డ దులిపి పిలిస్తే, "పర్లేదండీ, చిన్నాయన ఖాళీ అయ్యాక కూర్చుంటా" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. గుడ్డకు వెంట్రుక ఒక్కటీ అంటి ఉండకపోయినా పెద్దాయన దాన్ని మరో రెండుసార్లు దులిపి, తన కుర్చీ చేతికి వేసి, అద్దం తుడుచుకుంటూ ఉండేవాడు.

చిన్నాయన కత్తెర ఎంత వేగంగా ఆడుతుందో నోరూ అంతే వేగంగా ఆడుతుంది. ఎవరి కూతురు ఏం చదువుతోందో, ఎవరి కుక్క ఎవర్ని కరిచిందో అతనికి తెలియనిది లేదు. తల కాస్త వంచమని చెప్పడానికి కూడా ఓ జోకు వేస్తాడు. పెద్దాయన పనిలో ఉంటే పెదవి విప్పడు. గడ్డం గీయడంలో మాత్రం అతని చేతికి సాటి లేదు. ముడతలు పడ్డ బుగ్గ మీద, గుంటపడ్డ గడ్డం కింద కత్తి అలా జారిపోతుంది, మనిషికి నిద్ర వచ్చేస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఇంకెవరికైనా తెలుసో లేదో అతనికి తెలియదు.

ఇంటికి వెళ్తే అక్కడా అదే పాట. "మా తమ్ముడైతే ఈ గడియ ఎప్పుడో బిగించేసేవాడు", "మా తమ్ముడు ఇవాళ ఏమన్నాడో తెలుసా, నవ్వలేక చచ్చాను." పెద్దాయన అన్నం కలుపుతూ తల ఊపేవాడు. పగలంతా ఆ జోకు షాపులో విన్నదే. అక్కడా నవ్వలేదు, ఇక్కడా నవ్వలేదు.

ఇక కాలి సంగతి. ఎడమ కాలి మీద బరువు మోపి నిలబడడం పెద్దాయనకు అలవాటు. తొమ్మిదేళ్ళ కిందట ఆ పిక్క మీద ఆకుపచ్చటి గీత ఒకటి తేలింది. తర్వాత అది వేలు లావున ఉబ్బింది, మెలికలు తిరిగింది, మోకాలి పక్క నుంచి చీలమండ దాకా పాకింది. సాయంత్రమయ్యేసరికి కాలు ఇసుక బస్తాలా బరువెక్కేది. ఈ రెండేళ్ళలో చీలమండ పైన చర్మం గోధుమరంగు తిరిగి, ఒకటే దురద. వాటిని నరాలు ఉబ్బడం అంటారని విన్నాడు, అంతకు మించి తెలియదు. ఎంత ఎండ కాసినా ప్యాంటు అంచు పైకి మడిచేవాడు కాదు. భార్యకు తప్ప ఆ కాలిని ఎవరి కంటా పడనివ్వలేదు. "డాక్టరుకి చూపించుకోవచ్చుగా" అని ఆవిడ అన్నప్పుడల్లా, "నిలబడి బతికేవాడికి ఇవి మామూలే" అని తేల్చేసేవాడు. నొప్పిని బయటపెట్టకుండా మోయడం కూడా తన పనితనంలో ఒక భాగమే అనుకునేవాడు.

అలాంటి సమయంలో చిన్నాయనకు కుడికాలి మీద సిరలు తేలాయి.

అతను దాచే రకమా? ప్యాంటు మోకాలి దాకా లాగి, పాదం బెంచీ మీద పెట్టి, వచ్చినవాడికల్లా చూపించాడు. "చూశారా, నా కాల్లో పైపులైను వేశారు. నీళ్ళ కనెక్షన్ మాత్రం ఇంకా ఇవ్వలేదు!" బెంచీ బెంచీ అంతా ఘొల్లుమంది. ఎవరో వేలితో నొక్కి చూశారు, ఎవరో అయ్యో అన్నారు. పెద్దాయన అద్దంలోంచి ఆ కాలు చూశాడు. అదీ ఒక కాలేనా! పిక్క మీద రెండు వానపాములు పాకినట్టుంది, అంతే. తనది బయటపెడితే వీళ్ళ నోట మాట రాదు. తొమ్మిదేళ్ళు పళ్ళబిగువున మోసినవాడికి రాని పేరు, ఆరు నెలల రోగానికి వీడికి వచ్చిందే అని అతనికి కడుపు మండిపోయింది.

రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఖాతాదారు ఒకాయన చెబితే చిన్నాయన సిరల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చాడు. వచ్చి, క్రాఫు చేస్తూనే షాపంతటికీ పాఠం చెప్పాడు.

"ఇవి నరాలు కావంట బావా, సిరలంట. నరాలంటే కరెంటు తీగల్లాంటివి. సిరలు వేరు, రక్తాన్ని మళ్ళీ గుండెకి చేర్చే గొట్టాలు. వాటి లోపల జానెడు జానెడుకీ బుల్లి తలుపులుంటాయి. రక్తం పైకి వెళ్తుంటే తెరుచుకుంటాయి, కిందికి జారబోతే మూసుకుంటాయి. మనలాగ గంటలకొద్దీ కదలకుండా నిలబడేవాళ్ళకి, ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఆ తలుపులు వదులైపోతాయి. ఇంకేముంది, పైకెక్కిన రక్తం ఎక్కినట్టే ఎక్కి జారి కిందే నిలవుండిపోతుంది. దీన్నే వెరికోస్ అంటారు."

"అయితే ఆ తలుపులు బాగుచేస్తారా?" అని అడిగాడు బెంచీ మీది పోస్టుమాన్. అతని భార్యకీ అదే జబ్బు.

"ఎవరూ బాగుచెయ్యరు. పాడైన గొట్టాన్నే లోపల నుంచి మూసేస్తారు. కాల్లో లోతుగా పెద్ద సిరలున్నాయిగా, రక్తం అటు మళ్ళుతుంది. రోడ్డు మూసేస్తే బస్సు పక్క రోడ్డున పోదూ?"

ఆ వారంలోనే లేజరు చేయించుకున్నాడు. మూడో రోజుకి కుడికాలికి తొడ దాకా బిగుతు మేజోడు వేసుకుని షాపుకి నడిచి వచ్చేశాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు వీధి దాకా నిలబడ్డారు. ఒకాయన పళ్ళు కూడా తెచ్చాడు. మోకాలి పక్కన సూది దూరేంత బెజ్జం చేశారనీ, అందులోంచి సన్నటి తీగ తొడ పైదాకా పంపి, కొసన లేజరు వెలిగించి సిరను మూసుకుంటూ వచ్చారనీ, తను మెలకువగానే ఉండి డాక్టరమ్మకు రెండు జోకులు కూడా చెప్పాననీ, గంటలో లేచి నడిచాననీ ఆ పూట పదకొండుసార్లు చెప్పాడు. పెద్దాయన లెక్కపెట్టాడు.

పన్నెండోసారి బావ కోసమే ప్రత్యేకంగా చెప్పాడు. "డాక్టరమ్మ ఏమందో తెలుసా బావా? నా సిర స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉందంట. ఇంత తిన్నటిది ఈ మధ్య చూడలేదంది."

సిర తిన్నగా ఉండడం కూడా గొప్పేనా! పెద్దాయన వెళ్ళి పటికరాయి కడుక్కుని వచ్చాడు. కడగాల్సిన పని లేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య ఎత్తుకుంది. "మా తమ్ముడు అంత సుఖంగా నడుస్తున్నాడు కదా, నువ్వూ వెళ్ళయ్యా. నీది వాడిదానికంటే పాతది."

"పాతదని నీకైనా గుర్తుందా?" అన్నాడు పెద్దాయన.

"అదేం మాట?"

"ఏం లేదు. నీ తమ్ముడు వెళ్ళిన చోటికల్లా వాడి వెనకాల నేనూ వెళ్ళాలా? నా కాలు నాకు తెలుసు."

తెలిసింది ఏమీ లేదు. మందుల షాపులో సాగే కట్టుగుడ్డ కొని, పొద్దున్నే తలుపు వేసుకుని కాలికి చుట్టుకునేవాడు. చీలమండ దగ్గర బిగువుగా, పైకి వెళ్ళేకొద్దీ వదులుగా చుట్టాలని ఎవరినీ అడగలేదు. మోకాలి దగ్గర బిగించి, కింద వదిలేశాడు. సాయంత్రానికి పాదం పొంగిన రొట్టెలా తయారయ్యేది. పైగా నోరు ఊరుకుందా? ఎన్నడూ మాట్లాడనివాడు, పోస్టుమాన్‌కి గడ్డం గీస్తూ చెవిలో చెప్పాడు. "ఈ లేజర్లు నాలుగు రోజుల ముచ్చట. మూసిన సిర ఒకటైతే పక్కన రెండు లేస్తాయంట. మీ ఆవిణ్ణి తొందరపడొద్దనండి." ఎవరు చెప్పారని పోస్టుమాన్ అడగలేదు. పెద్దాయన తక్కువ మాట్లాడే మనిషి కదా, ఆయన మాటంటే నిజమే అయ్యుంటుందనుకున్నాడు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున అతని భార్య వెళ్ళలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున లెక్కల మాస్టారు గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. రిటైరై పదేళ్ళయింది. బుగ్గలు బాగా పీక్కుపోయిన మొహం, గీయడం కష్టం. పెద్దాయన కుడి బుగ్గ పూర్తిచేసి, ఎడమ వైపుకి తిరుగుతూ కుర్చీ కింద పాదాలు పెట్టుకునే ఇనప మెట్టుకి చీలమండ తగిలించుకున్నాడు. పెద్ద నొప్పేమీ లేదు. మరో నాలుగు గీతలు గీసేసరికి చెప్పులో వెచ్చగా, తడిగా తగిలింది. కిందికి చూస్తే పాదం కింద ఎర్రటి మడుగు. ప్యాంటు అంచు కింద నుంచి రక్తం దారంలా చిమ్ముతోంది.

అప్పుడు కూడా అతనికి మొదట వచ్చిన ఆలోచన, వీడు చూడకూడదు అని. భుజం మీది తువ్వాలు కింద పడేసి, కాలితో దాని మీద తొక్కి, కత్తి మళ్ళీ బుగ్గ మీద ఆనించాడు. తువ్వాలు చూస్తుండగానే ఎర్రబడింది.

"బావా! కత్తి కింద పెట్టు!"

చిన్నాయన రెండంగల్లో వచ్చి పట్టుకున్నాడు. పెద్దాయన బెంచీ మీద కూలబడబోతే, "కూర్చోకు, కూర్చుంటే ఇంకా కారుతుంది, పడుకో" అని నేల మీద పడుకోబెట్టాడు. ప్యాంటు మోకాలి దాకా లాగి, ఆ కాలిని తన కిటికీ పక్క కుర్చీ మీదికి ఎత్తిపెట్టాడు. శుభ్రమైన తువ్వాలు మడతపెట్టి రెండు చేతులతో గాయం మీద అదిమిపట్టి, "కాలు పైకెత్తి నొక్కితే ఆగిపోతుంది, డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. కంగారుపడకు" అన్నాడు.

నిజంగానే ఆగిపోయింది. కానీ ఆ పావుగంట పెద్దాయనకు పావుగంటలా గడవలేదు. తొమ్మిదేళ్ళు దాచిన కాలు, చిన్నాయన కుర్చీ మీద, బెంచీ మీదివాళ్ళందరి ఎదురుగా, అద్దంలో రెండోసారి కూడా కనిపిస్తూ. ముళ్ళుపడ్డ సిరలు, కమిలిన చర్మం. ఎవరూ నవ్వలేదు. ఎవరూ వేలితో నొక్కి చూడలేదు. చిన్నాయన కూడా జోకు వేయలేదు.

"ఎన్నాళ్ళ నుంచి బావా ఇది?" అన్నాడు మెల్లగా.

"నీకంటే ముందు నుంచి" అన్నాడు పెద్దాయన, పైకప్పు చూస్తూ.

అప్పుడు గుర్తొచ్చింది, మాస్టారు ఇంకా కుర్చీలోనే ఉన్నారని. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగతో. "మాస్టారి గడ్డం ఆరిపోతోంది. నువ్వు కానిచ్చెయ్యి" అన్నాడు పెద్దాయన. చిన్నాయన అదుముతున్న తువ్వాలు బెంచీ మీదున్న ల్యాబాయనకి అప్పగించి, చేతులు కడుక్కుని, కొత్త బ్లేడు వేసి వచ్చాడు.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు బాబూ. ఈ సగం ఆయన గీశాడు. ఆ సగమూ ఆయనే గీయాలి. తొందరేముంది, ఆయన లేచాకే వస్తా." గుడ్డతో నురగ తుడిచేసుకుని, సగం గడ్డంతో వీధిలోకి నడిచి వెళ్ళిపోయారు.

చిన్నాయన కత్తి పట్టుకుని అలాగే ఒక క్షణం నిలబడిపోయాడు. అతని మొహంలో ఏదో మెదిలింది. నేల మీద పడుకున్న పెద్దాయనకు అది కనిపించింది గానీ, అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నమే అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. పెద్దాయనను చిన్న మెట్టు మీద నిలబెట్టి, తొడ మీద చల్లటి జెల్లీ రాసి, స్కానింగు పరికరం ఆనించింది. పిక్కను చేత్తో ఒకసారి నొక్కి వదిలింది. మెషీన్‌లోంచి గాలి వీచినట్టు చప్పుడు వచ్చింది. అది ఆగగానే ఇంకో చప్పుడు, పొడుగ్గా, జారిపోతున్నట్టుగా.

"మొదటిది రక్తం పైకి వెళ్ళిన చప్పుడు. రెండోది రాకూడదు. అది వెనక్కి జారుతున్న చప్పుడు. గజ్జల దగ్గరి తలుపు నుంచి కింది దాకా ఒక్కటీ సరిగ్గా మూసుకోవట్లేదు" అంది డాక్టరమ్మ.

"మా బావమరిదికి చేసినట్టే లేజరు చేసెయ్యండి" అన్నాడు పెద్దాయన.

"మీకు కుదరదండీ. మీ సిర తొడలో రెండుచోట్ల బాగా మెలికలు తిరిగింది. తీగ అందులోంచి వెళ్ళదు."

"వాడికి వెళ్ళింది."

"ఆయనది తిన్నగా ఉంది."

పెద్దాయన పక్కనే నిలబడ్డ భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో తెలియలేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మందుని నురగలా చేసి సూదితో సిరలోకి ఎక్కించవచ్చు, గోడలు లోపల అతుక్కుని సిర ఎండిపోతుంది, మెలికల సిరకి అదే వీలు. పిక్క మీద ఉబ్బినవాటిని చిన్న చిన్న గాట్లు పెట్టి, కొక్కెంతో బయటికి తీసేయవచ్చు. పాత పద్ధతిలో గజ్జల దగ్గర కోసి సిర మొత్తం లాగేయడమూ ఉంది, దానికి పూర్తి మత్తు ఇవ్వాలి, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఏదీ వద్దనుకుంటే రోజూ బిగుతు మేజోడు. "కానీ మీకు ఒకసారి రక్తం కారింది. చర్మం పాడైపోయి పుండు పడేలా ఉంది. ఒట్టి మేజోడుతో ఊరుకోమని మీకు నేను చెప్పను. నురగ, గాట్లు, రెండూ కలిపి చేద్దాం."

"నురగా?"

"మీరు గడ్డాలకి పట్టిస్తారే, చూడ్డానికి అలాగే ఉంటుంది."

"లేజరైతే మేలు కదండీ. మా వాడు మూడో రోజుకే..."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకండి. మీకు నయమైన కాలు కావాలా, మీ బావమరిది కాలు కావాలా?"

పెద్దాయన తొడ మీది జెల్లీ తుడుచుకోసాగాడు. నిజం చెప్పాలంటే రెండోదే చెప్పాలి. అది తనకే వినిపించి సిగ్గుతో చెమట పట్టింది.

మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. చిన్నాయనకు ఒక్కసారితో అయిపోయింది. నురగ ఎక్కించిన చోటల్లా సిర గట్టిపడి తాడులా చేతికి తగిలేది, చర్మం మీద కాఫీ మరకల్లాంటి చారలు పడ్డాయి, అవి పోవడానికి నెలలు పట్టింది. చిన్నాయన కాలి మీద బెజ్జం పడ్డ జాడ కూడా లేదు. పొద్దున్నే మంచం దిగకముందే మేజోడు తొడగడం ఇంట్లో రోజూ ఒక కుస్తీ. భార్య అటు లాగితే ఇతను ఇటు లాగేవాడు. చివరికి చిన్నాయన వచ్చి, అంట్లు తోమే రబ్బరు గ్లవుసులు చేతికి వేసుకుని, మేజోడును మడమ దాకా తిరగేసి, అరచేతులతో పైకి నిమురుతూ ఎక్కించి చూపించాడు. నిమిషంలో ఎక్కేసింది. అంత సులువుగా ఎక్కినందుకు పెద్దాయనకు ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి అలాగే వేసుకున్నాడు.

కదలకుండా నిలబడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నడవాలి, మధ్యమధ్య మడమలెత్తి దించాలి, వీలైనప్పుడు కూర్చోవాలి. చిన్నాయన ఎక్కడో పళ్ళ డాక్టరు పారేస్తున్న చక్రాల స్టూలు సంపాదించి తెచ్చాడు. పెద్దాయన వారం రోజులు దాన్ని తాకలేదు. ఎనిమిదో రోజున మాస్టారు వచ్చి, "కూర్చునే గీయవయ్యా, నీ మొహం నాకూ బాగా కనపడుతుంది" అంటే కూర్చున్నాడు. కూర్చుంటే చెయ్యి ఇంకా నిలకడగా ఉంది.

కాలు తేలికపడుతుంటే పోస్టుమాన్ విషయం గుండెల్లో కలుక్కుమనడం మొదలైంది. ఒక సాయంత్రం నడిచి వాళ్ళింటికే వెళ్ళాడు. పోస్టుమాన్ భార్య కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. "అమ్మా, ఆ రోజు మీ ఆయనకి నేను చెప్పింది అబద్ధం. నాకు ఎవరూ చెప్పలేదు. మా బావమరిది మీద కడుపుమంటతో అన్నాను. మీరు వెళ్ళి చూపించుకోండి" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. పోస్టుమాన్ ఏదో అనబోయాడు గానీ ఆవిడ ముందే అంది, "మీ అంత తక్కువ మాట్లాడే మనిషికి ఆ ఒక్క మాటా అదే దొరికిందా అన్నయ్యగారూ?" పెద్దాయన తల దించుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ నెలలోనే వెళ్ళింది.

దీంతో కథ అయిపోతే పెద్దాయన మంచివాడయ్యాడని చెప్పి ముగించవచ్చు. అసూయ అంత తేలిగ్గా వదిలేది కాదు.

ఏడాది తిరిగాక ఒకరోజు చిన్నాయన ట్యూబులైటు మార్చడానికి బెంచీ ఎక్కాడు. ప్యాంటు పైకి జరిగింది. మోకాలి వెనక, ఇదివరకు లేని చోట, నీలంగా ఒక సిర మెలిక తిరిగి కనిపించింది. పెద్దాయన కింద బెంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకసారి కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూశాడు. అవును, సిరే. తిన్నగా కూడా లేదు.

ఆ క్షణాన అతనికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పూట అన్నం మారు వడ్డించుకున్నాడు. "ఏమిటివాళ అంత హుషారు?" అంది భార్య. "ఏం లేదు, కూర బాగుంది" అన్నాడు. మూడు రోజులు ఆ సంగతిని నోట్లో బిళ్ళలా చప్పరిస్తూ తిరిగాడు. చిన్నాయన జోకు వేసినప్పుడల్లా, నవ్వు నాయనా నవ్వు అనుకున్నాడు. వాడికే తెలియని వాడి సంగతి తన దగ్గరుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి వాడికంటే ఒక మెట్టు పైన ఉన్నట్టనిపించింది.

నాలుగో రోజు స్కూలు పిల్లల ఫోటోల రోజు. పొద్దుటి నుంచి తల్లులూ పిల్లలూ వరస కట్టారు. పిల్లలందరికీ కబుర్లు చెప్పే మామయ్యే కావాలి. చిన్నాయన నాలుగు గంటలపాటు ఎడతెగకుండా నిలబడి క్రాఫులు చేశాడు. గోడ పక్క కుర్చీలో ఖాళీగా కూర్చున్న పెద్దాయన అద్దంలోంచి చూస్తున్నాడు. చిన్నాయన బరువంతా ఎడమ కాలి మీదికి మార్చుకున్నాడు. కాసేపటికి కుడి చెప్పు విడిచి, పాదాన్ని చల్లటి నేల మీద ఆనించాడు. ఇంకాసేపటికి ఎడమ పాదంతో కుడి పిక్కను రుద్దుకున్నాడు. మొహం మీద నవ్వు మాత్రం చెదరలేదు.

ఆ మూడు పనులూ పెద్దాయనకు తెలుసు. తొమ్మిదేళ్ళు తను చేసినవే. ఎవరూ చూడకుండా, ఇదే వరసలో. నోట్లో బిళ్ళ ఒక్కసారిగా చేదెక్కింది.

స్టూలు దొర్లించుకుంటూ వెళ్ళి బావమరిది వెనక పెట్టాడు. "కూర్చో."

"ఇంకా ఆరుగురున్నారు బావా."

"కూర్చుని చెయ్యి. నీ మోకాలి వెనక సిర మళ్ళీ లేచింది."

చిన్నాయన కత్తెర ఆగింది. "నాకు తెలుసు" అన్నాడు. "రెండు నెలలైంది."

"మరి చెప్పవేం? మొదటిసారి ఊరంతా చాటింపు వేశావుగా!"

"అప్పుడు నీ కాలి సంగతి నాకు తెలియదుగా." చిన్నాయన స్టూలు మీద కూలబడ్డాడు. పిల్లవాడి తల్లి వినకూడదని గొంతు తగ్గించాడు. "నీది నయమైపోయింది, నాది మళ్ళీ మొదలైంది. మా అక్క రోజూ ఫోనులో, మీ బావ ఎంత బాగా నడుస్తున్నాడో, మీ బావ ఎంత బాగా నడుస్తున్నాడో అని. ఒళ్ళు మండిపోయేది."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద, నీ మీదే. ఇప్పుడే కాదు బావా. మాస్టారు సగం గడ్డంతో వీధిలోకి వెళ్ళిపోయారే, ఆ రోజు నుంచీ మండుతూనే ఉంది. నా కుర్చీకి వచ్చేవాళ్ళు కబుర్ల కోసం వస్తారు. నాకోసం ఎవడైనా సగం గడ్డంతో నడిచాడా?"

భార్య తన గురించి ఫోనులో గొప్పగా చెబుతుందని పెద్దాయనకు ఆ రోజుదాకా తెలియదు. మూడు రోజుల సంతోషం కంటే ఇది పెద్దదిగా ఉంది. కానీ ఎదురుగా ఉన్నవాడి మొహం చూస్తుంటే దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించబుద్ధి కాలేదు.

"నేను శుక్రవారమే చూశాను" అన్నాడు చివరికి. "ట్యూబులైటు మారుస్తుంటే. చెప్పలేదు. సంతోషమేసింది."

చిన్నాయన అతని వంక ఎగాదిగా చూశాడు. "ఎంత?"

"మారు వడ్డించుకున్నాను."

చిన్నాయనకు మొదట కోపమే వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత భుజాలు కదిలాయి, ఆ పైన ఆపుకోలేక కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వాడు. కుర్చీలో పిల్లవాడు గుడ్డ కిందనుంచి, "అంకుల్, నా క్రాఫు సగమే అయింది" అన్నాడు. మిగతా సగం పెద్దాయన చేశాడు. ఇంకో ఆరుగురికి కూడా అతనే చేశాడు, కబుర్లు లేకుండా.

మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. లేజరు చేసిన పెద్ద సిర మూసుకునే ఉందనీ, ఇది పక్క కొమ్మ అనీ, ఇలా కొత్తవి లేవడం మామూలేననీ, ఎవరి తప్పూ కాదనీ చెప్పింది. రెండు నురగ సూదులు చాలన్నది. "అంటే నాకు చేసిందేనా?" అన్నాడు పెద్దాయన. "అదే" అంది డాక్టరమ్మ. "కాస్త తక్కువ."

సూదులు వేసిన రోజు చిన్నాయన షాపుకి రాలేదు. బెంచీ నిండా జనం. పెద్దాయన గుడ్డ దులిపి, "రండి" అన్నాడు. మొదటివాడు కూర్చుంటూనే, "చిన్నాయన ఎప్పుడొస్తాడు?" అన్నాడు. రెండోవాడూ అదే అడిగాడు. మూడోవాడు కూర్చోలేదు, రేపొస్తానని వెళ్ళిపోయాడు. పెద్దాయన గుండెలో ఆ పాత మంట మళ్ళీ రాజుకుంది. ఇక ఇది పోయేది కాదు కాబోలు అనుకున్నాడు. మడమలు రెండూ ఎత్తి దించి, ఎత్తి దించి, నాలుగోవాడి మెడ చుట్టూ గుడ్డ కట్టాడు.

"చిన్నాయన..." అని మొదలుపెట్టాడు నాలుగోవాడు.

"రేపు పొద్దున్నే వస్తాడండీ" అన్నాడు పెద్దాయన. "నడిచే వస్తాడు. వాడికేం, నాకంటే తక్కువ సూదులే." ఆ రోజంతటిలో అతను మాట్లాడిన పొడుగైన మాట అదే. తర్వాత తల వంచమని వేళ్ళతోనే చెప్పి, కత్తెర అందుకున్నాడు.